హోమ్ థియేటర్ మార్చాలా? ముందు అటక మీది బొంతలు దించండి

పోయిన దసరాకి రెండు వారాల ముందు మా ఆయన ఒక కొటేషన్ కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. కొత్త ఏవీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె), సీలింగ్‌కి నాలుగు స్పీకర్లు, కొత్త సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్), బిగింపు ఖర్చు, మొత్తం 1,72,000 రూపాయలు. పండగ ఆఫర్, విజయదశమి దాకానే. "నువ్వు ఫిజిక్స్ చెప్తావుగా, ఒకసారి చూడు" అన్నారు. అడగడం నా అభిప్రాయం కోసం కాదు, సంతకం కోసం.

నేను విశాఖలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. అంతకన్నా ముందు మైక్ సెట్టు వాళ్ల అమ్మాయిని. కోనసీమలో మా నాన్నకి రెండు యాంప్లిఫయర్లు, ఆరు హారన్లు, ఒక జనరేటర్ ఉండేవి. పెళ్లయినా, తీర్థమైనా, చవితి పందిరైనా హారన్లు కట్టాక ఆయన స్టేజి దగ్గర నిలబడేవారు కాదు. చివరి వరస దాకా నడిచి వెళ్లి, అక్కడ వేరుశెనక్కాయలు అమ్మేవాణ్ణి "మాట తెలుస్తోందా?" అని అడిగేవారు. తెలియడం లేదంటే హారన్ దిశ మార్చేవారు. కొత్త హారన్ కొనడం ఎప్పుడూ చూడలేదు. కొనే స్తోమత లేకపోవడమూ ఒక కారణమే అనుకోండి.

రెండు వారాలు టైమ్ అడిగాను. ఆ రెండు వారాల్లో ఏమేం చేశామో, మీ ఇంట్లో మీరెలా చేసుకోవచ్చో చెప్తాను.

మా సెట్టు 2011లో కొన్నది. ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్, రిసీవర్, అంటే మామూలు 5.1. ఫ్లాట్ మూడో అంతస్తులో. హాలు పదహారడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీ గాజు తలుపు, ఎదురుగా ఏమీ లేని గోడ.

మొదటి పని, ఇంట్లో వాళ్ల ఫిర్యాదులు విడివిడిగా రాయించడం. అందరినీ కూర్చోబెట్టి అడిగితే ఒకళ్లు చెప్పిందే మిగతావాళ్లూ అంటారు. నేను చీటీలు ఇచ్చాను. మా ఆయన "థియేటర్‌లో లాగా లేదు" అని రాశారు. మా అత్తయ్య రాయలేదు, చెప్పింది: "మాటలు వినపడవు, వినపడాలని పెంచితే పాట రాగానే గూబ గుయ్యిమంటుంది." మా అబ్బాయిది "వెనక స్పీకర్లు పని చేస్తున్నట్టే లేవు". కింద ఫ్లాట్ ఆంటీ గారిది చీటీ అక్కర్లేకుండానే తెలుసు, వాళ్ల షోకేస్ అద్దాలు ఊగుతాయి. నాది "రిమోట్లు ఐదు".

ఇప్పుడు ఆ కొటేషన్ పక్కన ఈ చీటీలు పెట్టి చూడండి. సీలింగ్‌కి నాలుగు స్పీకర్లు బిగిస్తే వీటిలో ఏది తీరుతుంది? కొత్త సబ్‌వూఫర్‌తో ఆంటీ గారి షోకేస్ మాత్రం ఇంకా బాగా ఊగుతుంది. మీ ఇంట్లోనూ ముందు ఈ పని చేయండి. ఫిర్యాదు మాటల్లో పెట్టలేకపోతే, అంటే "ఎందుకో కొత్తది కావాలనిపిస్తోంది" అంటే, అదీ కారణమే, తప్పేం లేదు. కానీ అది సరదా ఖర్చు. దానికి సౌండ్ క్వాలిటీ అని పేరు పెట్టక్కర్లేదు.

రెండో పని, రిసీవర్‌కి అసలు ఏం చేరుతోందో చూడడం. ఇది ఐదు నిమిషాల పని, అయినా పదేళ్లు చూడని వాళ్లున్నారు, మేమే. ఓటీటీలో 5.1 అని గుర్తున్న సినిమా ఒకటి పెట్టి, రిమోట్‌లో డిస్‌ప్లే లేదా ఇన్ఫో బటన్ నొక్కండి. రిసీవర్ ముఖం మీద డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్, డీటీఎస్ లాంటి పేరు రావాలి. మాకు వచ్చింది పీసీఎం, రెండు ఛానెళ్లు. అంటే వస్తున్నది ఉత్త స్టీరియో. దాన్నే రిసీవర్ తన తెలివితో పిండి వెనక స్పీకర్లకి కాస్త చిలకరిస్తోంది. మా వాడు రాసింది అక్షరాలా నిజం.

ఎందుకలా అయ్యిందంటే, మూడేళ్ల కింద కొత్త టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్ దగ్గర పీసీఎం పెట్టి వెళ్లాడు. దాన్ని ఆటో గానీ, బిట్‌స్ట్రీమ్ గానీ, పాస్ త్రూ గానీ చేయాలి. ఒక్కో టీవీలో ఒక్కో పేరు. మార్చాం. ఆ రాత్రి సినిమాలో వాన సీనొస్తే మా వాడు వెనక్కి తిరిగి చూశాడు. ఖర్చు సున్నా.

కేబుల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే షాపుల్లో ఎక్కువ భయపెట్టేది దీనితోనే. టీవీ నుంచి రిసీవర్‌కి మూడు దారులున్నాయి. ఆప్టికల్ కేబుల్‌లో స్టీరియో పీసీఎం, మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వస్తాయి. అంతకన్నా బరువైనవి దాంట్లో పట్టవు. రెండోది హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, అంటే టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే వెనక్కి రిసీవర్‌కి పంపే దారి. ఇది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఇందులో డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా వెళ్తుంది. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ (తల మీద నుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ పద్ధతి) దాదాపు అంతా ఈ డాల్బీ డిజిటల్ ప్లస్ మూటలోనే కట్టి వస్తుంది కాబట్టి ఏఆర్‌సీ చాలు. మూడోది ఈ-ఏఆర్‌సీ. బ్లూ రే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూ హెచ్‌డీ లాంటి భారీ సరుకుని టీవీ మీదుగా రిసీవర్‌కి పంపాలంటే ఇది కావాలి. మీ ఇంట్లో బ్లూ రే ప్లేయర్ లేకపోతే "మీ రిసీవర్‌కి ఈ-ఏఆర్‌సీ లేదండీ, మార్చెయ్యాలి" అన్న మాటకి కంగారు పడనక్కర్లేదు. "పాత రిసీవర్ 4కే పంపదు" అనేది మాత్రం చాలా పాత మోడళ్ల విషయంలో నిజమే. అయితే దానికి విరుగుడు ఉంది. సెట్ టాప్ బాక్సు, స్టిక్కు, గేమ్ కన్సోల్ అన్నీ నేరుగా టీవీకి పెట్టి, టీవీ నుంచి శబ్దాన్ని మాత్రం రిసీవర్‌కి పంపండి. బొమ్మకి రిసీవర్‌తో పనే ఉండదు.

మేము ఆప్టికల్ తీసేసి నాలుగు వందలు పెట్టి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నాం. రెండు వైపులా ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, వేరే దాంట్లో పెడితే శబ్దం రాదు. టీవీలో సీఈసీ ఆన్ చేశాక టీవీ రిమోట్‌తోనే రిసీవర్ వాల్యూమ్ కూడా మారడం మొదలైంది. నా చీటీ సగం తీరిపోయింది, ఐదు రిమోట్లు రెండయ్యాయి.

ఇంకొకటి. మీరు చూసేది ఏమిటో కూడా లెక్కేయండి. మా ఇంట్లో వారం రోజులు డైరీ రాశాను. సీరియళ్లు, వార్తలు, యూట్యూబ్ పాటలు, పాత నలుపు తెలుపు సినిమాలు కలిపి టీవీ ఆన్‌లో ఉన్న టైమ్‌లో పదింట తొమ్మిది వంతులు. యూట్యూబ్ దాదాపు అంతా స్టీరియో. నలుపు తెలుపు సినిమాలు మోనో, దానికి పదకొండు స్పీకర్లు పెట్టినా సరుకు ఒక్కటే. కొన్ని యాప్‌లు పెద్ద ప్లాన్ తీసుకుంటే గానీ అట్మాస్ ఇవ్వవు. ఆ నెలవారీ ఖర్చు కొటేషన్‌లో ఎవరూ రాయరు.

ఇక అత్తయ్య ఫిర్యాదు. నా లెక్కలో హోమ్ థియేటర్ మార్చే వాళ్లలో సగం మంది అసలు బాధ ఇదే, మాట తెలియకపోవడం. దీని మీద నాలుగు రోజులు పెట్టాను.

5.1లో మాటలు చాలా వరకు సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. మా సెంటర్ స్పీకర్ ఎక్కడుంది? టీవీ కింద చెక్క అరలో, లోపలికి జరిపి, దాని ముందు తిరుపతి వెంకన్న ఫొటో, ఒక ఇత్తడి ఏనుగు. స్పీకర్ మోకాళ్లకి మాట్లాడుతోంది, అదీ ఏనుగు చాటు నుంచి. స్పీకర్‌ని అర అంచుకి లాగి, కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి ముఖం పైకెత్తాం, కూర్చున్న మనిషి చెవి వైపు చూసేట్టు. స్వామివారిని పూజగదికి పంపాం. రిసీవర్ సెట్టింగ్స్‌లో సెంటర్ లెవెల్ 2 డెసిబెల్స్ పెంచాం. అంతకన్నా పెంచితే మాటలు చెవిలో గుచ్చుకున్నట్టుంటాయి, ముందు 2 పెట్టి రెండు రోజులు వినండి. తర్వాత నైట్ మోడ్, కొన్నింట్లో దీని పేరు డైనమిక్ రేంజ్ కంప్రెషన్. పెద్ద చప్పుళ్లని తగ్గించి చిన్న మాటల్ని పైకి లేపుతుంది. సినిమా ఇష్టపడే వాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. మా అత్తయ్య గూబకి మాత్రం అదే మందు.

తర్వాత ఫ్యాన్. ఇది ఎవరూ చెప్పరు. ఫోన్‌లో శబ్దం కొలిచే ఉచిత యాప్ ఒకటి పెట్టి చూశాను. ఫ్యాన్, ఏసీ ఆపితే సోఫా దగ్గర 36, ఫ్యాన్ ఐదులో పెడితే 49. ఫోన్ అంకె మీద పూర్తి నమ్మకం అక్కర్లేదు గానీ తేడా మాత్రం నిజం. ఆ పదమూడు డెసిబెల్స్ హోరు కింద గుసగుస డైలాగులన్నీ కొట్టుకుపోతున్నాయి. షోరూమ్‌లో డెమో ఇచ్చే గదిలో ఫ్యాను తిరగడం మీరెప్పుడైనా చూశారా? ఫ్యాన్ మూడుకి తగ్గించి వింటే తేడా తెలిసింది. ఫ్యాన్ బేరింగ్ గోల చేస్తోంటే ముందు అది మార్పించండి.

ఆ తర్వాత గది. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట గట్టిగా కొట్టండి. చప్పుడు అక్కడితో ఆగకుండా "టింగ్" అని సాగితే గోడలు, నేల దాన్ని బంతాట ఆడుతున్నట్టు. మాది సాగింది. ఒక అక్షరం తోక ఆగకముందే రెండో అక్షరం వచ్చి పడితే మాట ఎలా తెలుస్తుంది? ఖాళీ కల్యాణ మండపంలో మైకు ఎందుకు అర్థం కాదో, జనం నిండాక ఎందుకు బాగుంటుందో మా నాన్నకి ఫార్ములా తెలియదు గానీ సంగతి తెలుసు. "జనం వచ్చాక సర్దుకుంటుందిలే" అనేవారు. జనం ఒంటి మీది బట్టలే ఆ సర్దుబాటు.

కాబట్టి ఏదీ కొనకముందు అటక మీది బొంతలు దించండి. మేము నాలుగు దించాం. ఒకటి టీవీకి సోఫాకి మధ్య నేల మీద పరిచాం. ఒకటి బాల్కనీ గాజు తలుపు మీద కర్టెన్ రాడ్డుకి వేలాడదీశాం. మిగతా రెండూ బట్టలారేసే స్టాండ్ల మీద వేసి పక్క గోడల దగ్గర నిలబెట్టాం. గోడ మీద ఎక్కడ పెట్టాలో కనిపెట్టడానికి అద్దం వాడండి. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు చేతి అద్దం గోడకి ఆనించి జరుపుతూ వెళ్లాలి. అద్దంలో మీకు ముందు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే ఆ చోటు నుంచే శబ్దం గోడకి కొట్టుకుని మీ దగ్గరికి వస్తోంది. అక్కడ బట్ట ఉండాలి. వెలుగు, శబ్దం, రెండూ ఒకే కోణంలో తిరిగొస్తాయి. ఈ పాఠం చెప్పడానికి నాకు క్లాసులో కన్నా హాల్లోనే సులువైంది.

ఆ రోజు ఇల్లు ధర్మసత్రంలా ఉంది. పాలబ్బాయి "ఇల్లు మారుతున్నారా అమ్మా" అని అడిగాడు. కానీ వార్తలు పెట్టగానే మా ఆయన రిమోట్ తీసుకుని వాల్యూమ్ తగ్గించారు. నోటితో ఒప్పుకోలేదు, వేలితో ఒప్పుకున్నారు.

బొంతలతో తేడా వస్తేనే డబ్బు పెట్టండి, రాకపోతే ఆ ఖర్చు కూడా మిగిలినట్టే. మేము రెండు రోజుల తర్వాత ఏలూరు నుంచి మందపాటి ఉన్ని తివాచీ ఒకటి తెప్పించి, బాల్కనీకి దళసరి కర్టెన్లు కుట్టించాం. పక్క గోడల్లో ఒకదాని దగ్గరికి పుస్తకాల బీరువా జరిపాం, పుస్తకాలు కూడా మంచి పనే చేస్తాయి. రెండో గోడకి మా అమ్మ కుట్టిన అద్దాల పని దుప్పటి వేలాడుతోంది.

ఇంత చేశాక కూడా అత్తయ్య కొన్ని మాటలు అడిగి చెప్పించుకునేది. చూస్తే అవన్నీ స, శ, చ, త లాంటి అక్షరాలున్న మాటలు. వయసుతో పాటు చెవికి ముందు తగ్గేది సన్నటి, హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దాలే, హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. ఆమెకి 74. డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష చేయించాం. ఇంట్లో పెద్దవాళ్లుండి ఇదే ఫిర్యాదు అయితే, రిసీవర్ కన్నా ముందు ఈ పరీక్ష చేయించండి. ఈ మాట సౌండ్ సిస్టమ్‌ల గురించి రాసే వాళ్లు ఎందుకు రాయరో నాకు తెలియదు.

సబ్‌వూఫర్ దగ్గరికి వస్తాను. మాది మూలలో ఉండేది. గట్టి బేస్ వచ్చినప్పుడు "పర్ర్" మనేది. గుడ్డ తీసి కోను చుట్టూ ఉన్న నల్ల ఫోమ్ అంచుని వేలితో ముట్టుకుంటే పొడై రాలింది. ఫోమ్ అంచులు పది పదిహేనేళ్లలో అలా పాడవుతాయి. మన కోస్తా ఉక్కపోత, తేమ కలిస్తే ఇంకా తొందర. రబ్బరు అంచులైతే చాలా కాలం ఉంటాయి. పొడైంది అంచే, స్పీకర్ కాదు. వన్ టౌన్ వైపు ఒక రిపేర్ షాపులో 1,300 తీసుకుని కొత్త అంచు అంటించి ఇచ్చారు. పాత సెట్టు "శబ్దం పగిలిపోతోంది" అనిపిస్తే పారేసే ముందు అన్ని స్పీకర్ల గుడ్డలూ తీసి చూడండి.

తర్వాత దాని చోటు. మా హాలు పదహారడుగులు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు పోతుంది. దాన్ని పొడవుకి రెట్టింపుతో, అంటే 32తో భాగిస్తే 35. అంటే 35 హెర్ట్జ్, సెకనుకి 35 సార్లు ఊగే శబ్దం, దగ్గర ఈ గది తనంతట తనే ఉయ్యాల ఊగుతుంది. వెడల్పు లెక్కన 51 దగ్గర ఇంకొకటి. అందుకే ఒక నోటు దద్దరిల్లుతుంది, పక్క నోటు వినపడదు. సోఫాలో ఒక చివర బేస్ కొండలా, మధ్యలో గొయ్యిలా. కొత్త సబ్‌వూఫర్ తెచ్చి అదే మూలలో పెడితే ఇదే గొడవ ఎక్కువ డబ్బుతో వస్తుంది.

మంచి చోటు కనిపెట్టే పద్ధతి చూడ్డానికి నవ్వులాటగా ఉంటుంది. సబ్‌వూఫర్‌ని తెచ్చి మీరు కూర్చునే చోట సోఫా మీద పెట్టండి. బేస్ గిటార్ నడక ఉన్న పాట ఒకటి తిప్పి తిప్పి పెట్టండి. ఇప్పుడు మీరు గోడల వెంట నేల మీద పాకండి. ఎక్కడ అన్ని నోట్లూ సమానంగా, మోత లేకుండా వినిపిస్తే సబ్‌వూఫర్‌కి అదే చోటు. మా ఆయన పాకుతుంటే అత్తయ్య చూసి "ఏం పోయిందిరా?" అని తను కూడా వంగి వెతకడం మొదలుపెట్టింది. మాకు దొరికిన చోటు టీవీకి ఎడమ పక్క, గోడకి అడుగున్నర దూరం. కింద పొరలు పొరలుగా పాత యోగా మ్యాట్ మడిచి పెట్టాం. ఆంటీ గారి షోకేస్ పూర్తిగా ఆగలేదు గానీ తొమ్మిదిన్నర తర్వాతే ఫోన్ వస్తోంది ఇప్పుడు.

చోట్లన్నీ కుదిరాకే రిసీవర్‌తో వచ్చిన మైక్ బయటికి తీయండి. చాలా రిసీవర్లకి ఒక చిన్న కొలత మైక్ వస్తుంది, అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. మేము దాన్ని ఒకే ఒక్కసారి వాడాం, 2011లో, అప్పటి అద్దింట్లో. మెనూలో చూస్తే ఎడమ వెనక స్పీకర్ దూరం 14 అడుగులని ఉంది. మా హాలు వెడల్పే పదకొండు! పదేళ్లకి పైగా మా రిసీవర్ తను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటోంది. మైక్‌ని చెవి ఎత్తులో పెట్టి (పుస్తకాల దొంతర చాలు), ఫ్యాన్, ఏసీ ఆపి, ఎవరూ మాట్లాడకుండా మళ్లీ కొలిపించాం. తర్వాత చిన్న స్పీకర్లన్నిటినీ స్మాల్ అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని పెట్టాం, ఆ కింది బరువు సబ్‌వూఫర్ మోస్తుంది.

వైర్ల విషయం తొందరగా చెప్పేస్తాను. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక స్పీకర్‌కి తారుమారైతే బేస్ పలచబడి, పాట తల లోపల తిరుగుతున్నట్టుంటుంది. అనుమానముంటే రిసీవర్ నుంచి వైరు తీసి, పెన్ టార్చ్ బ్యాటరీ ప్లస్‌ని ఎర్ర వైరుకి, మైనస్‌ని నల్ల వైరుకి ఒక్క క్షణం తాకించండి, వూఫర్ కోను ముందుకి రావాలి. మీటరు వందల రూపాయల వైరు అక్కర్లేదు. ఇంటి దూరాలకి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. "గుయ్" మని ఆగని హమ్ ఉంటే కేబుల్ టీవీ కోయాక్సియల్ వైరు పీకి చూడండి, చాలాసార్లు దోషం అక్కడుంటుంది. పీకినా పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూపించండి.

వాట్ల మాట కూడా. అట్టపెట్టెల మీద పీఎంపీఓ అని వేలల్లో రాస్తారు, దాన్ని చదవకుండా వదిలేయండి. ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్, చూడండి. అది కూడా 75 నుంచి 150 అయితే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్, అంటే "ఆ, కాస్త పెరిగింది" అనేంత. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్ ఒక్క వాట్‌తో తొమ్మిదడుగుల దూరంలో 80కి అటూ ఇటూగా వినిపిస్తుంది. మనం రోజూ వినేది ఆ ఒక్క వాట్ చుట్టుపక్కలే.

మరి ఎప్పుడు మార్చాలి? రిసీవర్ తనంతట తను ఆగిపోతుంటే, ఒక ఛానెల్ వచ్చి పోతుంటే, రిపేరు వాడు బోర్డు దొరకదంటే, మార్చండి. మీది డీవీడీ కాలపు పెట్టె సెట్టు అయి, స్పీకర్లకి దాని సొంత పిన్నులుండి, టీవీ నుంచి డిజిటల్‌గా ఏదీ తీసుకోలేకపోతే, దాన్ని సాగదీయడం వృథా. వాటి స్పీకర్లు చాలా వాటికి 3 ఓమ్స్ లాంటి తక్కువ ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉంటుంది, మామూలు రిసీవర్‌కి తగిలిస్తే అది వేడెక్కి చావొచ్చు. ఇల్లు మారి హాలు రెట్టింపైతే మార్చండి. అట్మాస్ నిజంగా కావాలంటే, మీరు చూసే వాటిలో అది ఉంటే, పైన స్పీకర్ పెట్టుకునే వీలుంటే, అదీ న్యాయమైన కారణమే. పైకి కొట్టి స్లాబ్ నుంచి కిందికి దింపే రకం స్పీకర్లు కూడా ఉన్నాయి గానీ వాటికి చదునైన కప్పు కావాలి. మన హాళ్లలో దూలం, ఫ్యాను రెక్కలు అడ్డం.

కొనేటప్పుడు ఒక్కో భాగం వయసు వేరని గుర్తుంచుకోండి. మంచి స్పీకర్లు ఇరవై ఏళ్లు ఉంటాయి, రిసీవర్ ఐదారేళ్లకే పోర్టుల విషయంలో పాతబడుతుంది. అందుకే నేనైతే డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకి, తర్వాత సబ్‌వూఫర్‌కి, ఆఖర్న రిసీవర్‌కి పెడతాను. ఆ కొటేషన్‌లో లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. మంచి 5.1 ఉన్నవాళ్లు సౌండ్‌బార్‌కి మారడం నా దృష్టిలో ముందడుగు కాదు. చిన్న గది, వైర్లంటే విసుగు, పెద్దవాళ్లకి ఒక్క రిమోట్ కావాలి అంటే మాత్రం హాయిగా తీసుకోండి.

షోరూమ్‌కి వెళ్తే మీకు బాగా తెలిసిన సినిమా పేరు రాసుకుని వెళ్లండి, వాళ్ల డెమో క్లిప్ వద్దు. రెండు సెట్లు పోలుస్తుంటే వాల్యూమ్ సమానం చేయమనండి, ఫోన్ యాప్‌తో కొలవండి. ఒకటి కొంచెం గట్టిగా ఉంటే చాలు, అదే బాగుందనిపిస్తుంది, అందరికీ అంతే. సెకండ్ హ్యాండ్ రిసీవర్ అయితే ప్రతి ఛానెల్‌కీ స్పీకర్ పెట్టి విని, ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టూ పరీక్షించి, కొలత మైక్ ఉందో లేదో అడిగి, అరగంట నడిపించాకే డబ్బివ్వండి.

విజయదశమి నాటికి మా లెక్క ఇది: కేబుల్ 400, సబ్‌వూఫర్ అంచు 1,300, తివాచీ, కర్టెన్లు కలిపి 14,200. కొత్త పెట్టె ఏదీ రాలేదు. ఆ ఆఫర్ దీపావళికి కూడా ఉంది, సంక్రాంతికి కూడా.

మా ఆయన అట్మాస్ మానుకోలేదు, నేను మానమనలేదు. వచ్చే వేసవిలో హాలుకి ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నాం. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, సీలింగ్ మూసే ముందే సోఫాకి ముందు రెండు, వెనక రెండు చోట్లకి స్పీకర్ వైరు కోసం విడిగా పైపులు వేయమన్నాం. కరెంటు వైర్లున్న పైపులో ఇది కలపొద్దని రెండుసార్లు చెప్పాం, ఆ నాలుగు చోట్ల కొలతలూ గోడ మీద పెన్సిల్‌తో రాసి ఫొటో తీసి పెట్టుకున్నాం.